ఆ పేరు ముందే ఒకరిది: సౌండ్ కోడ్‌లో వేరియబుల్ పేర్ల గొడవలు పట్టుకోవడం, తీర్చుకోవడం

ఒకే ఒక్క లైను నా సాయంత్రం మొత్తాన్ని తినేసింది. ఆ లైను ఇది:

ప్లే = 4

ముందే ఒక మాట. ఇందులో కోడ్ ముక్కలను మనం నోటితో పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ ఎడిటర్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి.

కోడ్ రాసి సంగీతం పలికించే సోనిక్ పై అనే ప్రోగ్రామ్‌లో చిన్న ముక్క ఒకటి కడుతున్నాను. రెండే లూపులు, అంటే పదే పదే తిరిగే కోడ్ ముక్కలు. ఒకటి బాస్, రెండోది దాని మీద పలికే స్వరం. ఆ స్వరం ఎన్నిసార్లు పలకాలో పైనే ఒకచోట రాసి పెట్టుకుంటే మార్చుకోవడం సులువని పై లైను రాశాను. రన్ కొడితే బాస్ పలికింది, రెండో లూపు పలకలేదు. ఎర్రర్ కూడా రాలేదు. బాస్ లూపులో ఉన్నది ‘ప్లే 40’. రెండో లూపులో ఉన్నది ‘ప్లే [64]’. ఈ 40, 64 స్వరాల నంబర్లు. తర్వాత ఇంకో రెండు స్వరాలు చేర్చుదామని దాన్ని ముందే లిస్టుగా మొదలుపెట్టాను. వాల్యూమ్ చూశాను. స్పీకర్ వైరు తీసి మళ్లీ పెట్టాను. సింథ్ (శబ్దం పుట్టించే వాయిద్యం) మార్చాను. ఎక్కడా తేడా లేదు. ఒకే కమాండ్ ఒక లూపులో పనిచేసి ఇంకో లూపులో చేయకపోవడం ఏమిటన్నది ఎంతకీ అంతుపట్టలేదు.

కారణం తెలిశాక చాలా తేలిక. సోనిక్ పై అడుగున ఉన్నది రూబీ భాష. రూబీలో ఒక పేరుకు విలువ ఇచ్చామంటే అక్కడి నుంచి అది లోకల్ వేరియబుల్, అంటే ఆ విలువకు మనం పెట్టుకున్న పేరు. ఆ పేరు తర్వాత ఖాళీ వదిలి చదరపు బ్రాకెట్ పెడితే, ‘ప్లే అనే కమాండ్‌కి ఈ లిస్టు ఇవ్వు’ అని చదవదు. ‘ప్లే అనే విలువలోంచి 64వది తీయి’ అని చదువుతుంది. ఆ విలువ 4. పూర్ణాంకం పక్కన బ్రాకెట్ పెడితే, దాన్ని 0, 1లతో రాసినప్పుడు ఆ స్థానంలో ఉన్న అంకె (బిట్) అడిగినట్టు. 4లో 64వ స్థానంలో ఉన్న బిట్ సున్నా. లెక్క ప్రకారం తప్పేమీ లేదు కాబట్టి ఎర్రర్ లేదు, వాయించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి శబ్దమూ లేదు. ‘ప్లే 40’లో బ్రాకెట్ లేదు, అందుకే అది కమాండ్‌గానే నడిచింది.

ఆ రోజు నుంచి ఈ పేర్ల సంగతి నేను చాలా శ్రద్ధగా చూస్తున్నాను. కొత్తగా సౌండ్ కోడ్ మొదలుపెట్టినవాళ్లు ‘నాకు ప్రోగ్రామింగ్ రాదు’ అనుకుని వదిలేసే చోట్లలో ఇది ఒకటి. నిజానికి వాళ్ల ఆలోచనలో తప్పేమీ ఉండదు, పెట్టిన పేరు ఒక్కటే అడ్డం పడుతుంది.

సంగీతపు భాషల్లో ఇది ఎందుకు ఎక్కువ

మామూలు ప్రోగ్రామింగ్‌లో మనం పెట్టుకునే పేర్లు కస్టమర్, బిల్లు, అడ్రస్ లాంటివి. భాష కట్టినవాళ్లకు వాటితో పనిలేదు. సంగీతంలో అలా కుదరదు. నోట్, కార్డ్, స్కేల్, శాంపిల్, రేట్, పాన్, గేట్, సస్టెయిన్... ఉన్న మాటలే కొన్ని. భాష తయారుచేసినవాళ్లకూ అవే తట్టాయి, మనకూ అవే తడతాయి. కాబట్టి మీకు తట్టిన మొదటి పేరు, అది ఎంత చక్కగా కుదిరితే అంతగా, ముందే ఎవరో తీసేసుకున్నదయ్యే అవకాశం ఎక్కువ. చాలా బాగా కుదిరిన పేరు తట్టిందంటే ఒక్క క్షణం ఆగి చూసుకోవడం నేను నేర్చుకున్న మొదటి అలవాటు.

గొడవ ఉందని ఎలా తెలుస్తుంది? మూడు రకాలుగా బయటపడుతుంది. ఎర్రర్ వస్తే అదృష్టమే, లైను నంబరు చూసి సరిచేసుకోవచ్చు. నిశ్శబ్దం వస్తే టెన్షన్. అన్నిటికంటే కష్టమైనది మూడోది: శబ్దం వస్తుంది, కానీ మనం అనుకున్నది కాదు. ఈ మూడోదాన్ని మిక్సింగ్ లోపమో, సింథ్ లోపమో అనుకుని రోజుల తరబడి సరిచేస్తూ కూర్చుంటాం.

సోనిక్ పైలో

కార్డ్, స్కేల్ లాంటి కొన్ని పేర్లకు మీరు విలువ ఇవ్వబోతే సోనిక్ పై ముందే ఆపేస్తుంది. బిల్ట్-ఇన్ ఫంక్షన్ల (భాషలో ముందే ఉన్న కమాండ్ల) పేర్లను వేరియబుల్ పేర్లుగా వాడకూడదని, మీరు వాడబోయిన పేరు ఫలానాదని స్పష్టంగా చెబుతుంది. అది చాలా మంచి ఎర్రర్. పేరు మార్చేస్తే పని అయిపోతుంది. కానీ అది అన్ని పేర్లనూ పట్టుకోదు. నా ‘ప్లే’ని పట్టుకోలేదు కదా.

అలా దాటిపోయిన పేర్ల విషయంలో రూబీ నియమం ఒకటి గుర్తుంటే చాలు. పేరు పక్కనే, ఖాళీ లేకుండా, గుండ్రటి బ్రాకెట్ పెడితే అది ఎప్పుడూ ఫంక్షన్ పిలుపే, ఆ పేరుతో వేరియబుల్ ఉన్నా సరే. అందుకే

నోట్ = నోట్(:సి4)

అన్న లైను పనిచేస్తుంది. ఎడమవైపు మీ వేరియబుల్, కుడివైపు భాష ఇచ్చిన ఫంక్షన్. కానీ

టిక్ = టిక్

అని బ్రాకెట్ లేకుండా రాస్తే కుడివైపున్నది కూడా ఇప్పుడే పుట్టిన వేరియబులే. ఇంకా దానికి విలువ లేదు. ఫలితం నిల్, అంటే ఏమీ లేదు. పిలిచిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకెళ్లాల్సిన టిక్ లెక్కింపు కదలదు. ‘టిక్ = టిక్()’ అని రాస్తే కదులుతుంది. నా ముక్కలో కూడా ‘ప్లే([64])’ అని రాసి ఉంటే పలికేది. అయినా బ్రాకెట్ల మీద ఆధారపడి అదే పేరుతో నెట్టుకురావద్దనే చెబుతాను. నెల తర్వాత ఆ ఫైలు తెరిచి, ఏ ‘నోట్’ ఏదో తేల్చుకోవాల్సింది మీరే.

సూపర్‌కొలైడర్‌లో

జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో విడుదల చేసిన ఈ భాషలో సగం గొడవ మొదట్లోనే తీర్చేశారు. క్లాస్ పేర్లు పెద్ద అక్షరంతో, వేరియబుల్ పేర్లు చిన్న అక్షరంతో మొదలవ్వాలి. కాబట్టి సైన్ ఆసిలేటర్ క్లాసుకూ మీ వేరియబుల్‌కూ ఎప్పుడూ గొడవ రాదు. మిగిలిన సగమే ఇబ్బంది పెడుతుంది.

మొదటిది ‘ఎస్’. ఇక్కడ ఎ నుంచి జెడ్ వరకు 26 ఒంటరి అక్షరాలూ ముందే తయారుగా ఉన్న గ్లోబల్ వేరియబుల్స్. వాటిలో ఎస్ ఖాళీగా లేదు, దానిలో సర్వర్ (అసలు శబ్దం పుట్టించే భాగం) కూర్చుని ఉంటుంది. ‘ఎస్.బూట్’ అని మొదటి రోజే నేర్చుకుంటాం. సైన్ కోసమో, స్పీడ్ కోసమో ‘ఎస్ = 0.3’ అని రాశారనుకోండి. వింత ఏమిటంటే శబ్దం ఆగదు. ఫంక్షన్‌కి ‘.ప్లే’ చెప్పినప్పుడు అది ఎస్ దగ్గరకు వెళ్లదు, డిఫాల్ట్ సర్వర్ దగ్గరకు నేరుగా వెళ్తుంది. అంతా బాగానే ఉందనుకుంటారు. చివర్లో రికార్డ్ చేద్దామని ‘ఎస్.రికార్డ్’ అనగానే, 0.3 అనే ఫ్లోట్‌కి రికార్డ్ అన్న సందేశం అర్థం కాలేదని పోస్ట్ విండోలో (సందేశాలు కనబడే చోట) ఎర్రర్ వస్తుంది. ఎర్రర్‌లో ‘రిసీవర్’ అన్న మాట పక్కన ఏముందో చదవండి. సర్వర్ ఉండాల్సిన చోట ఒక అంకె కనబడితే సంగతి ఇదే. మందు ఒక్క లైను:

ఎస్ = సర్వర్.డిఫాల్ట్

తప్పు లైనును చెరిపేసినంత మాత్రాన ఎస్ తిరిగి రాదు. ఒకసారి రన్ చేసిన విలువ ఇంటర్‌ప్రెటర్‌లో అలాగే ఉండిపోతుంది. లైవ్‌గా రాసే భాషలన్నిటిలో ఇది గుర్తుంచుకోండి: తెర మీద ఉన్నదీ, మెషీన్ మనసులో ఉన్నదీ ఒకటే కానక్కర్లేదు.

రెండోది ఇంకా సూక్ష్మం. రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) సెట్టింగులన్నీ ఒకచోట ఉంచుదామని ఒక ఈవెంట్, అంటే పేరు-విలువ జతల డిక్షనరీ, కట్టుకున్నారు:

~గది = (సైజ్: 0.8, డ్యాంప్: 0.5)

ఇప్పుడు ‘~గది.సైజ్’ అంటే ఎంత వస్తుంది? 0.8 కాదు, 2 వస్తుంది. ఎందుకంటే సైజ్ అనేది ప్రతి డిక్షనరీకీ ముందే ఉన్న మెథడ్ (చుక్కతో పిలిచే కమాండ్), లోపల ఎన్ని జతలున్నాయో అది లెక్కపెడుతుంది. మీరు పెట్టినవి రెండు. సున్నా నుంచి ఒకటి మధ్య ఉండాల్సిన రూమ్ విలువ స్థానంలోకి 2 వెళ్తుంది. ఎర్రర్ ఉండదు. రివర్బ్ ఎందుకు బాగాలేదో అర్థం కాక డ్యాంప్ తిప్పుతూ ఉంటాం. ఇలాంటి చోట చుక్క పెట్టి పిలవకండి, ‘~గది[\సైజ్]’ అని చదరపు బ్రాకెట్‌తో తీసుకోండి. అప్పుడు మీరు పెట్టిన 0.8 వస్తుంది. లేదా అసలు ‘గదిసైజ్’ అని పేరే మార్చేయండి.

మూడోది ప్యాటర్న్‌లు (స్వరాలను వరసగా తనంతట తానే వాయించే ఏర్పాటు) వాడేవాళ్లకు. మీ సింథ్‌డెఫ్‌లో (సింథ్ నిర్వచనంలో) ఎన్వలప్ (స్వరం పెరిగి తగ్గే తీరు) కోసం సస్టెయిన్ అనే ఆర్గ్యుమెంట్ (బయటినుంచి ఇచ్చే విలువ) పెట్టారు, విలువ 0.6. మీ లెక్కలో అది స్వరం నిలిచే స్థాయి. చేత్తో వాయిస్తే బాగుంటుంది. అదే సింథ్‌ను పీబైండ్ అనే ప్యాటర్న్‌తో నడిపితే పొడవైన స్వరాలు అరుస్తాయి, పొట్టివి వినబడీ వినబడనట్టు ఉంటాయి. ఎందుకంటే ఈవెంట్ లెక్కలో సస్టెయిన్ అంటే స్థాయి కాదు, కాలం. డ్యూర్‌ని (స్వరం నిడివి) లెగాటోతో (అందులో ఎంత భాగం పలకాలో చెప్పే సంఖ్య) గుణించి, ఆ ఫలితాన్ని ఆ పేరుతోనే మీ సింథ్‌కి పంపిస్తుంది. లెగాటో మామూలుగా 0.8. నాలుగు బీట్ల స్వరానికి 3.2 వెళ్తుంది. మీరేమో దాన్ని స్థాయిగా వాడుతున్నారు. స్వరం పొడవును బట్టి శబ్దం పెరుగుతోందంటే ఇంకేమీ వెతకొద్దు, ఆర్గ్యుమెంట్ పేర్లు చూడండి. ‘సస్‌లెవెల్’ అని మార్చితే సరిపోతుంది.

అలాగే సింథ్‌డెఫ్ ఆర్గ్యుమెంట్ పేరు ‘టి_’తో మొదలైతే దాన్ని ట్రిగర్‌గా తీసుకుంటుంది, విలువ ఒక్క క్షణం మెరిసి సున్నా అవుతుంది. ‘ఐ_’తో మొదలైతే మొదట ఇచ్చిన విలువే చివరిదాకా, తర్వాత సెట్ చేసినా మారదు. అందం కోసం ఆ ముందుమాటలు తగిలించకండి.

సీసౌండ్‌లో

బ్యారీ వెర్కో ఎంఐటీలో రాసిన ఈ భాషలో పేరులోని మొదటి అక్షరమే దాని జాతి చెబుతుంది. ఐతో మొదలైతే నోట్ మొదట్లో ఒక్కసారి లెక్కయ్యేది, కెతో మొదలైతే కంట్రోల్ వేగంతో మారేది, ఎతో మొదలైతే ఆడియో. ముందు జి చేర్చితే గ్లోబల్. ఈ పద్ధతి అలవాటైతే చాలా హాయి. కానీ ఈ పద్ధతే ఒక ఉచ్చు కూడా. రివర్బ్ మోతాదు కోసం కె పక్కన ఆర్ పెట్టి ‘కెఆర్’ అంటే నియమం ప్రకారం తప్పు లేదనిపిస్తుంది. కానీ కెఆర్ అంటే ఆర్కెస్ట్రా హెడర్‌లో (కోడ్ మొదట్లో ఉండే సెట్టింగుల్లో) ఉండే కంట్రోల్ రేట్. ఎస్ఆర్ శాంప్లింగ్ రేట్ అయినట్టే ఇదీ భాష సొంతం. అలాగే ‘ఇన్’, ‘ఇంట్’, ‘ఇనిట్’ చూడ్డానికి ఐ జాతి వేరియబుల్స్‌లా ఉంటాయి. ‘ఆబ్స్’, ‘ఆల్‌పాస్’ ఎ జాతివిలా ఉంటాయి. అన్నీ భాషవే. జాతి అక్షరం తర్వాత పెద్ద అక్షరంతో పూర్తి మాట రాయడం మంచి మార్గం: కెరివర్బ్, ఎబాస్. రెండక్షరాల పొదుపు కోసం ఈ తలనొప్పి తెచ్చుకోవద్దు.

మిగిలినవి త్వరగా

హాస్కెల్ అనే భాష మీద కట్టిన టైడల్ సైకిల్స్‌లో ‘లెట్ ఎన్ = 4’ అని రాశారంటే, తర్వాత ‘డి1 $ ఎన్ "0 1"’ టైపు ఎర్రర్ ఇస్తుంది. స్వరం నంబరు చెప్పే ఎన్ మీ 4 వెనక మరుగున పడింది. అది అడుగున నడిచే హాస్కెల్ సెషన్‌లో ఉండిపోతుంది కాబట్టి లైను చెరిపినా లాభం లేదు. టైడల్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టడం అన్నిటికంటే సులువు. ఎస్, పాన్, రూమ్, సైజ్, స్పీడ్ కూడా ఇదే కోవ.

చక్ అనే ఇంకో సంగీత భాషలో కాలానికి సంబంధించిన పేర్లన్నీ భాష చేతిలో ఉన్నాయి: సెకండ్, మినిట్, అవర్, డే, వీక్, నౌ. ‘మొదటిది, రెండోది’ అనే అర్థంలో ‘ఫస్ట్, సెకండ్’ అని రెండు వేరియబుల్స్ పెట్టుకుంటే రెండోదే ఎందుకు కుదరదో ఇదే జవాబు.

ఫౌస్ట్ అనే సౌండ్ భాషలో ప్రామాణిక లైబ్రరీని (ముందే రాసిపెట్టిన ఫంక్షన్ల మూటని) తెచ్చుకున్నప్పుడు లోపలివన్నీ రెండక్షరాల పొట్లాల్లో వస్తాయి: ఓఎస్, ఎఫ్ఐ, ఆర్ఈ, ఎన్ఓ లాంటివి. ‘ఓఎస్.ఆస్క్’ అని చుక్కతో పిలుస్తాం కాబట్టి పేర్లు కలిసిపోవు. ఎంతో నచ్చిన ఏర్పాటు. మీ వేరియబుల్‌కి ఆ రెండక్షరాల పేర్లు మాత్రం పెట్టకండి.

ప్యూర్ డేటాలో కోడ్ రాయం, తెర మీద బాక్సులను (ఆబ్జెక్ట్‌లను) గీతలతో కలిపి ప్యాచ్ కడతాం; వేరియబుల్స్ లేవు కదా, ఈ బాధ లేదనుకుంటారు. ఉంది. మిల్లర్ పకెట్ కట్టిన ఈ భాషలో మీ ప్యాచ్ ఫైలుకి ముందే ఉన్న ఆబ్జెక్ట్ పేరు పెడితే బిల్ట్-ఇన్‌దే గెలుస్తుంది, మీ ఫైలు తెరుచుకోనే తెరుచుకోదు. ఎంత మార్చినా మార్పు వినబడదు. గీత లేకుండా విలువ పంపే సెండ్, దాన్ని అందుకునే రిసీవ్ పేర్లేమో తెరిచి ఉన్న ప్యాచ్‌లన్నిటికీ ఉమ్మడి. ఒకే సింథ్ ప్యాచ్‌ను రెండుసార్లు పెట్టి, లోపల ‘ఫ్రీక్’ అనే సెండ్ వాడితే, ఒకదాన్ని తిప్పితే రెండూ మారతాయి. ‘$0-ఫ్రీక్’ అని రాయండి, ప్రతి కాపీకి $0 వేరే సంఖ్యగా మారి దేని పేరు దానికి వస్తుంది. మెసేజ్ బాక్సులో మాత్రం $0 ఇలా పనిచేయదు, బయట ఆబ్జెక్ట్ బాక్సులోంచి ఆ సంఖ్య తెచ్చుకోవాలి. ఇక ‘పీడీ’ అనే పేరుతో రిసీవ్ పెట్టొద్దు, ఆ పేరు ఇంజన్‌దే.

పేరు పెట్టే ముందు

జాబితాలు బట్టీ పట్టాల్సిన పని లేదు. పేరు టైప్ చేసి దాని మీద కర్సర్ ఉంచి హెల్ప్ అడగండి. సోనిక్ పైలో కంట్రోల్-ఐ, సూపర్‌కొలైడర్‌లో కంట్రోల్-డి. ఆ పేరుకి హెల్ప్ పేజీ తెరుచుకుందంటే అది ముందే ఒకరిది. టైడల్‌లో ‘:టి’ పక్కన పేరు పెట్టి అడిగితే, ఉన్న పేరైతే దాని టైపు చెబుతుంది. సీసౌండ్‌ను కమాండ్ లైనులో ‘-జెడ్’ అని నడిపితే ఆప్‌కోడ్‌ల (భాషలో ఉన్న కమాండ్ల) జాబితా మొత్తం ఇస్తుంది. రాస్తుండగా ఎడిటర్ ఆ మాటకు రంగు మార్చినా, తనే పూర్తిచేయబోయినా అదీ సూచనే.

ఇక పేరు పెట్టడం. వస్తువు పేరు ఒక్కటే పెట్టొద్దు, ఈ ముక్కలో అది చేసే పనితో కలిపి పెట్టండి. నోట్ కాదు, బాస్_నోట్. శాంపిల్ కాదు, తలుపు_శాంపిల్. రేట్ కాదు, వణుకు_రేట్. ఇలా పెట్టిన పేరు భాషలో ముందే ఉండడం దాదాపు జరగదు, పైగా కోడ్ చదివితే పాట కనబడుతుంది.

నాకు బాగా పనికొచ్చిన ఇంకో దారి మన మాటలే. ఈ భాషల్లో కమాండ్ల పేర్లు దాదాపు అన్నీ ఇంగ్లీషువి. స్వరం, లయ, శ్రుతి, జోరు, నెమ్మది అనే మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వాటితో కొట్టుకునేది ఏదీ ఉండదు. ‘స్వరం = నోట్(:సి4)’ అంటే ఏది నాది, ఏది భాషది అన్నది చూడగానే తెలిసిపోతుంది. సీసౌండ్‌లో మాత్రం ముందు జాతి అక్షరం తప్పదు: కెలయ, ఎధ్వని. కోడ్‌ను తెలుగు రానివాళ్లతో పంచుకునేట్టయితే పక్కన ఒక కామెంట్ రాయండి.

గొడవ ముందే జరిగిపోయి ఉంటే

అనుమానమున్న వేరియబుల్ పేరు చివర ఒక 2 చేర్చి, అది వాడిన చోట్లన్నీ మార్చి మళ్లీ రన్ చేయండి. శబ్దం సరైతే గొడవ పేరుదే. కాకపోతే పాత పేరు తిరిగి పెట్టి వేరే కారణం వెతకండి. ఇంత చిన్న పరీక్ష, స్పీకర్ వైరు ముట్టుకోకముందే చేయొచ్చు.

ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ ఒకేసారి మాత్రం మార్చొద్దు. వేరియబుల్, కమాండ్ రెండింటి పేరూ ఒకటే కాబట్టి ఎడిటర్ కమాండ్లను కూడా మార్చేస్తుంది, అప్పుడు పలికేవి కూడా ఆగిపోతాయి. ఒక్కో చోట ఆగి, ‘ఇది విలువా, పిలుపా?’ అని అడిగి, విలువైతేనే మార్చండి. టైడల్, సూపర్‌కొలైడర్‌లలో అయితే మార్చాక సెషన్ కొత్తగా మొదలుపెట్టండి, పాత పేరు లోపల ఉండిపోతే పరీక్ష ఫలితాన్ని నమ్మలేరు.

నా ముక్కలో మార్చాల్సినవి రెండే చోట్లు. పై లైను ‘సార్లు = 4’ అయింది, లూపు లోపల ‘ప్లే.టైమ్స్’ అన్నది ‘సార్లు.టైమ్స్’ అయింది. రన్ కొట్టగానే బాస్ మీద 64 పలికింది. అప్పుడు ఆ లిస్టులో మొదట అనుకున్నట్టే 67, 71 కూడా చేర్చాను.